వేసవి సెలవుల్లో కుటుంబంతో ఢిల్లీ వెళ్లేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

మన బడులు ఏప్రిల్ చివర మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు కాబట్టి, చాలా తెలుగు కుటుంబాలకు ఢిల్లీ చూసే వీలు సరిగ్గా ఆ నగరం కొలిమిలా మండే రోజుల్లోనే దొరుకుతుంది. ఆ రోజుల్లో వెళ్లవద్దని చెప్పడం తేలికే గానీ, పిల్లలకూ ఉద్యోగస్తులకూ సెలవులు కలిసి వచ్చేది అప్పుడే. వెళ్లక తప్పనప్పుడు, ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని దృష్టిలో పెట్టుకుని రోజులు వేసుకోవాలి. ఆ మనిషి ఎండలో ఎంతసేపు నిలబడగలరో, ఎన్ని మెట్లు ఎక్కగలరో తేల్చుకున్న తరువాతే ఏ కోట చూడాలి, ఏ గోరీ చూడాలి అన్న మాట.

విజయవాడ, గుంటూరు వైపు వాళ్లం మనకు ఎండలు కొత్తా అనుకుంటాం. అక్కడే పొరపాటు జరుగుతుంది. మన కోస్తాలో ఉక్కపోతకు చెమట ధారగా కారుతుంది, చొక్కా తడిసిపోతుంది, దాహం వేసినట్టు మనకే తెలుస్తుంది. మే నెల ఢిల్లీలో పడమటి నుంచి వీచే పొడి వడగాలికి, అక్కడివాళ్లు 'లూ' అని పిలిచే గాలికి, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లో నీరు పోతున్నా బట్టలు పొడిగానే ఉంటాయి. మా అత్తగారి విషయంలో అదే జరిగింది. ఎర్రకోటలో లాహోరీ దర్వాజా దాటి, ఛత్తా చౌక్ దుకాణాల మధ్యగా దర్బారు మందిరమైన దీవాన్-ఎ-ఆమ్ దాకా నడిచిన తరువాత, చెమటైనా పట్టలేదు కదా, నాకేమీ ఇబ్బంది లేదని ఆవిడ అన్నారు. కాసేపటికి ఒక గట్టు మీద కూర్చుని, రైలుకు టైమైందా అని మూడుసార్లు అడిగారు. మా రైలు ఇంకా నాలుగు రోజులకు. వెంటనే నీడకు చేర్చి, తడి తువ్వాలు మెడకూ చంకలకూ పెట్టి, విసురుతూ కూర్చున్నాం. మాట కుదుటపడ్డాక కొద్దికొద్దిగా ఓఆర్‌ఎస్ నీళ్లు తాగించాం. ఆవిడ తేరుకున్నారు గానీ, ఆ పావుగంట నేను ఎన్నటికీ మరచిపోలేను.

ఎండలో ఉన్న మనిషి మాట తడబడినా, అడిగిందే అడుగుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది అలసట అనుకోకూడదు. ఒక పక్క ఒంటిని చల్లబరుస్తూనే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో బలవంతంగా నీళ్లు పోయకూడదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఊళ్లోనే కొని పెట్టుకోండి. అవి అందుబాటులో లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి వాడవచ్చు. రక్తపోటు మందుల్లో కొన్ని మూత్రం ఎక్కువగా పోయేలా చేస్తాయి కాబట్టి, పెద్దవాళ్లు బయలుదేరే ముందే తమ డాక్టరును అడగడం మంచిది. ఇన్సులిన్ వాడేవారు దాన్ని చల్లటి సంచిలో పెట్టుకోవాలి. ఆగి ఉన్న కారులో గంటసేపు వదిలేసినా అది పాడైపోవచ్చు.

ఇక వేళల సంగతి. కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధి సూర్యోదయం నుంచే తెరిచి ఉంటాయి కాబట్టి వాటిని ఉదయం తొమ్మిదిలోపే చూసి రావాలి. హుమాయూన్ సమాధి అరుగు మీదికి వెళ్లే మెట్లు ఎత్తుగా, నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారిని తోటలో చెట్టు నీడన కూర్చోబెట్టి మిగిలినవారు ఎక్కి రావడమే మర్యాద. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా జాతీయ మ్యూజియంలోనో, బసలోనో గడపాలి. ఎర్రకోట, జాతీయ మ్యూజియం, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్ అన్నీ సోమవారమే మూసి ఉంటాయి కాబట్టి, ఆ రోజును కుతుబ్ మీనార్‌కు కేటాయించుకుంటే రోజు వృథా కాదు. ఆగ్రా కూడా కలుపుకునేవారు తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవని గుర్తుంచుకోవాలి.

జామా మసీదుకు నమాజు వేళలు కాకుండా చూసుకుని పొద్దు వాలుతుండగా వెళ్లండి. చెప్పులు విడిచి నడవవలసిన ఆ ఎర్రరాతి ప్రాంగణం మధ్యాహ్నం పెనంలా కాలుతుంది. చిన్నపిల్లలు రెండడుగులు వేసి ఏడుపు అందుకోవడం నేను చూశాను. ఇంటిల్లిపాదికీ తలొక జత మందపాటి మేజోళ్లు సంచిలో ఉంచుకుంటే ఈ బాధ తప్పుతుంది.

మెట్రో ఎంత సౌకర్యమో, రాజీవ్ చౌక్ వంటి, ఒక రైలు దిగి ఇంకో రైలు మారే స్టేషన్లలో పిల్లలు తప్పిపోవడమూ అంత తేలిక. రైలు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒక పెద్దమనిషి ముందు, ఇంకొకరు అందరికంటే వెనుక ఉండాలి. తలుపులు మూసుకుపోయి ప్లాట్‌ఫారం మీద మిగిలిపోతే అక్కడే నిలబడమనీ, రైల్లో ఉండిపోతే తరువాతి స్టేషన్‌లో దిగి కదలకుండా ఉండమనీ, మేమే వస్తామనీ పిల్లలకు బస దగ్గరే రెండుసార్లు చెప్పించుకోండి. తెలుగు మాత్రమే వచ్చిన పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు, బస పేరు హిందీలో రాసిన కాగితం ఉంచండి. అక్షర్‌ధామ్ లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. తనిఖీకి ఆడవారిదీ మగవారిదీ వేరువేరు వరుస. అందుకని ఫోన్లు అప్పగించే ముందే, లోపల ఎక్కడ కలుసుకోవాలో, విడిపోతే ఎవరు ఎవరి కోసం ఆగాలో తేల్చుకోవాలి.

తిండి విషయంలో కోసిపెట్టిన పండ్లు, బయటి ఐసు వేసిన పానీయాలు మానేస్తే చాలు. నాలుగో రోజుకు పిల్లలు పప్పన్నం కావాలని మారాం చేస్తే అశోకా రోడ్డులోని ఆంధ్ర భవన్ క్యాంటీన్ ఉంది, అయితే మధ్యాహ్నం రద్దీ ఎక్కువ. స్టేషన్ బయట ఎవరైనా మీ హోటల్ మూసేశారనో, టికెట్ రద్దయిందనో చెబితే ఆగకుండా ముందుకు నడిచి, హోటల్‌కు మీరే ఫోన్ చేసుకోండి, రైలు వివరాలు 139లో కనుక్కోండి.

తిరుగు ప్రయాణం రోజున టికెట్ మీద స్టేషన్ పేరును ఇద్దరు చదవాలి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీ నుంచి, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ హజ్రత్ నిజాముద్దీన్ నుంచి బయలుదేరుతాయి. న్యూఢిల్లీ స్టేషన్‌కు పహాడ్‌గంజ్ వైపు ఒకటి, అజ్మేరీ గేట్ వైపు ఒకటి ద్వారాలున్నాయి. పదహారు ప్లాట్‌ఫారాల మీదుగా సామానుతో, ముసలివాళ్లతో వంతెన దాటడానికి అరగంట పట్టవచ్చు. మీ రైలు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో ముందే తెలుసుకుని, దానికి దగ్గరి ద్వారం వద్దనే దింపమని ఆటో ఎక్కేటప్పుడే చెప్పండి.