కొత్తగా ఇంటికొచ్చిన కాకటీల్‌ను మచ్చిక చేసుకోవడం ఎలా?

మరొకరి ఇంట్లో పెరిగిన కాకటీల్‌ను, అంటే తల మీద కుచ్చుండే చిన్న చిలుక జాతి పక్షిని, దత్తత తెచ్చుకున్నారంటే, ఆ పక్షి ఒక్క పూటలో తనకు తెలిసిన మనుషుల్ని, గదిని, కిటికీని, రోజూ వినే చప్పుళ్లను పోగొట్టుకుని మీ ఇంటికి వచ్చిందన్నమాట. కాబట్టి మొదటి వారంలోనే భుజమెక్కి ఈల వేయాలని ఆశించకండి. కింద చెప్పే పద్ధతి అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: ‘వద్దు’ అనే హక్కు పక్షికి ఉండాలి. అది వద్దన్న ప్రతిసారీ మీరు నిజంగానే ఆగిపోతే, మీ చేతికి భయపడాల్సిన పని లేదని దానికి తెలిసివస్తుంది.

ముందుగా చట్టం గురించి ఒక మాట. మన చెట్ల మీద తిరిగే రామచిలుకను పంజరంలో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. ఎవరైనా ఇస్తానన్నా తీసుకోవద్దు. ఆఫ్రికన్ గ్రే, సన్ కోన్యూర్ వంటి విదేశీ చిలుకలను 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఇక్కడ చెబుతున్నది ఆస్ట్రేలియా జాతి పక్షి కాకటీల్ గురించి.

1. పాత ఇంటివాళ్లను వివరంగా అడగండి

ఏం తినేది, ఏ పేరుతో పిలిచేవారు, ఎన్ని గంటలకు పడుకునేది, దేనికి భయపడేది, ఏ ఈల వేస్తే బదులిచ్చేది అన్నీ రాసుకోండి. వీలైతే పాత పంజరం, గిన్నెలు, అది కూర్చునే కర్రలు కూడా తెచ్చుకోండి. పేరు మార్చాలనిపించినా మార్చకండి. కొత్త ఇంట్లో దానికి తెలిసిన మాట అదొక్కటే కావచ్చు.

2. పంజరానికి సరైన చోటు చూడండి

మనుషులు తిరిగే గదిలో, ఒక వైపు గోడ ఆనుకుని ఉండేలా, మీ ఛాతీ ఎత్తులో పెట్టండి. నాలుగు వైపులా ఖాళీగా ఉంటే పక్షి ఏ దిక్కు నుంచి ఏం వస్తుందోనని కంగారు పడుతూనే ఉంటుంది. వంటింట్లో మాత్రం వద్దే వద్దు. నాన్‌స్టిక్ పెనం మాడేంత వేడెక్కితే వచ్చే ఆవిరి పక్షి ప్రాణం నిమిషాల్లో తీయగలదు. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్ పొగ కూడా దాని ఊపిరితిత్తులకు చేటే. రాత్రి పది, పన్నెండు గంటల నిద్ర కావాలి. కాకటీల్‌లు చీకట్లో ఉలిక్కిపడి రెక్కలు కొట్టుకుని గాయపడుతుంటాయి కనుక సన్నని బెడ్‌లైటు వేసి ఉంచండి.

3. మొదటి రోజుల్లో పక్కన కూర్చోండి, అంతే

పంజరానికి కాస్త దూరంలో, పక్కకు తిరిగి కూర్చుని పేపరు పైకి చదవండి, లేదా మెల్లగా మాట్లాడండి. కళ్లలోకి సూటిగా చూడకండి. తనను వేటాడే జంతువులు అలాగే చూస్తాయి. నీళ్లు, గింజలు మార్చేటప్పుడు ‘నీళ్లు పెడుతున్నాను’ అంటూ ముందుగా చెప్పి, చేతిని నిదానంగా పోనివ్వండి. కొత్త చోట కొన్ని గంటలు తినకపోవడం మామూలే. రోజంతా ముద్ద ముట్టకపోతే మాత్రం పక్షుల వైద్యం తెలిసిన పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి. కాకటీల్ బరువు సాధారణంగా 80 నుంచి 120 గ్రాములు. ఇంత చిన్న శరీరం ఆకలికి ఎక్కువసేపు ఓర్చుకోలేదు.

4. తల మీది కుచ్చును చదవడం నేర్చుకోండి

కాకటీల్ మనసు దాని కుచ్చులో కనిపిస్తుంది. నిటారుగా లేచిందంటే ఉలిక్కిపడింది, లేదా ఏదో ఆసక్తిగా గమనిస్తోంది. సగం వాలి, చివర కొద్దిగా పైకి వంగి ఉంటే ప్రశాంతంగా ఉంది. తలకు పూర్తిగా అంటుకుపోయి, మెడ ముందుకు చాచి, నోరు తెరిచి బుస కొడుతోందంటే అది స్పష్టమైన ‘వద్దు’. అక్కడే ఆగి, చేతిని మెల్లగా వెనక్కి తీసుకోండి. బుసను లెక్కచేయని ఇళ్లలోనే పక్షి కరవడం నేర్చుకుంటుంది. మర్యాదగా చెబితే ఎవరూ వినలేదు కనుక దానికి మిగిలిన దారి అదే.

సాయంత్రం ఒంటికాలి మీద నిలబడి ముక్కును కరకరమని నూరుకుంటుంటే నిశ్చింతగా నిద్రకు సిద్ధమవుతోందని అర్థం. పగలంతా ఈకలు ఉబ్బించుకుని కూర్చున్నా, ఊపిరి తీసిన ప్రతిసారీ తోక కిందికీ పైకీ ఊగుతున్నా అది అలక కాదు, అనారోగ్యం. ఆలస్యం చేయకండి.

5. కొర్ర కంకితో దగ్గర కండి

కాకటీల్‌లకు కొర్ర కంకి అంటే ప్రాణం. రాయలసీమ, పాలమూరు వైపు తెలిసిన రైతులుంటే మందు కొట్టని కంకులు అడిగి తెచ్చుకుని, కడిగి ఎండబెట్టండి. ఇక నుంచి ఆ రుచి మీ చేతి నుంచే అందాలి, గిన్నెలో వేయకూడదు.

పొడవైన కంకిని కాడ చివర పట్టుకుని పంజరం ఊచల దగ్గరకు తీసుకెళ్లండి. కుచ్చు తలకు అంటుకోవడం మొదలైన చోట ఆగండి. కదలకుండా ఉంటే, కాసేపటికి అది కాళ్లు కర్ర మీదే ఉంచి మెడ ఒక్కటే సాగదీసి, ఒక గింజ లాగి, వెంటనే వెనక్కి జరుగుతుంది. నాలుకతో గింజను తిప్పి పొట్టు వదిలేసి మళ్లీ మీ వైపు చూస్తుంది. ఆ రోజుకు అది చాలు. రోజూ రెండు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు చేయండి. కంకి పొట్టి అయ్యేకొద్దీ మీ వేళ్లు వాటంతట అవే దగ్గరవుతాయి. కొన్ని పక్షులకు వారం చాలు, కొన్నింటికి నెలలు పడుతుంది.

6. వేలు ఎక్కించుకోవడం

చేతిని పైనుంచి దించకండి. గద్దలు వచ్చేది అటునుంచే. చూపుడు వేలును కింద నుంచి తీసుకెళ్లి, కాళ్లకు కాస్త పైన పొట్టకు మెత్తగా ఆనించి ‘ఎక్కు’ అనండి. ఇంట్లో అందరూ అదే మాట వాడాలి. ఎక్కే ముందు చాలా పక్షులు ముక్కుతో వేలును పట్టి చూస్తాయి. అది కరవడం కాదు, ఈ కొమ్మ నిలకడగా ఉంటుందా అని పరీక్షించడం. అప్పుడు ఉలిక్కిపడి చేయి లాగేసుకుంటే, మీ చేయి నమ్మదగినది కాదని తేలిపోతుంది. ఎక్కగానే కంకి ఇవ్వండి, దిగుతానంటే దింపేయండి.

గ్లౌజులు వేసుకుని పట్టుకోవడం, తువ్వాలుతో చుట్టేయడం వైద్యం కోసం తప్ప మచ్చికకు పనికిరావు. నిజంగానే కరిస్తే అరవకండి, ముక్కు మీద కొట్టకండి. నిశ్శబ్దంగా దింపి, ఏ సైగను గమనించలేదో ఆలోచించండి.

7. పంజరం బయటకు

ముందు సీలింగ్ ఫ్యాను ఆపాలి, ఫ్యాను రెక్కలు పూర్తిగా నిలిచాకే పంజరం తలుపు తీయాలి. కిటికీలు మూసి, అద్దాల మీద గుడ్డ కప్పి, నీళ్ల బకెట్లకు మూతలు పెట్టండి. తిరిగి లోపలికి పంపడానికి వెంటపడి పట్టుకోకండి. తిండి వేళకు ముందు బయటకు తీస్తే, గింజల గిన్నె చప్పుడు వినగానే తనే వస్తుంది.

తల వంచి మీ ముందు పెడితే నిమరమని అడుగుతోందన్నమాట. తల, చెంపలు మాత్రమే నిమరండి. వీపు, రెక్కల కింద నిమిరితే జత కట్టే కోరిక రేగుతుంది. ఆడపక్షి పదేపదే గుడ్లు పెట్టి నీరసించిపోవచ్చు.

దీపావళి టపాసుల తర్వాతో, ఇంటినిండా చుట్టాలు వచ్చి వెళ్లాకో పక్షి మళ్లీ బుస కొట్టవచ్చు. రెండు మెట్లు వెనక్కి వెళ్లి కంకితోనే మొదలుపెట్టండి. రెండోసారి త్వరగానే దారికొస్తుంది. తోడుగా ఇంకో పక్షిని తేవాలనుకుంటే ఈ చనువు కుదిరేదాకా ఆగండి. తెచ్చాక కనీసం 30 రోజులు వేరే గదిలో ఉంచి, వైద్యుడికి చూపించి, ఆ తర్వాతే రెండింటినీ ఒకదానికొకటి కనిపించేలా పెట్టండి.