మారిషస్ యాత్ర: ముందు గాలి వాటం, ఆ తరువాతే హోటల్

మారిషస్ వెళ్లాలనుకునే మన కుటుంబాలు చాలావరకు ట్రావెల్ ఏజెంటు చూపించే హోటల్ ఫోటోలతోనే ఆలోచన మొదలుపెడతాయి. ఆ హోటల్ ద్వీపానికి ఏ వైపున ఉంది, తాము వెళ్లే నెలలో ఆ వైపున గాలి ఎలా ఉంటుంది అన్న ప్రశ్నలు డబ్బు కట్టిన తరువాత గానీ తట్టవు. పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 45 కిలోమీటర్లు మాత్రమే ఉన్న ద్వీపంలో ఎక్కడ దిగితే ఏమిటని అనిపించడం సహజమే. కానీ ఒకే రోజున తూర్పు తీరంలో గాలికి ఇసుక రేగి కళ్లలో పడుతుంటే, పడమటి తీరంలో నీళ్లు అలికిడి లేకుండా ఉండటం అక్కడ మామూలు విషయం. అందుచేత ముందు నెలను, ఆ నెలకు తగిన తీరాన్ని, ఆ తరువాత బసను నిర్ణయించుకోవాలని, చూడవలసిన స్థలాల జాబితాను అన్నిటికన్నా చివర రాసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మారిషస్ దక్షిణార్ధగోళంలో, 20 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది కనుక అక్కడి ఋతువులు మనకు తలకిందులు. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు వేడిగా, ఉక్కగా ఉంటుంది. మే నుంచి అక్టోబరు వరకు చల్లగా, పొడిగా ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఆగ్నేయం నుంచి వ్యాపార పవనాలు వీస్తాయి, చలికాలంలో వాటి బలం పెరుగుతుంది. ఆ గాలి తూర్పు, దక్షిణ తీరాలను నేరుగా తాకి, మధ్యనున్న పీఠభూమి మీదికి ఎగబాకి అక్కడ వాన కురిపిస్తుంది. పడమటి తీరానికి చేరేసరికి అందులో తేమ మిగలదు. జూలైలో పడమటి తీరంలోని ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ దగ్గర ఎండ కాస్తున్న వేళకే పీఠభూమి మీదున్న క్యూర్‌పిప్ పట్టణంలో జల్లు పడుతూ స్వెట్టరు కావలసి రావడానికి కారణం ఇదే.

దీన్ని మన సెలవులతో కలిపి చూసుకుంటే నిర్ణయం సులువవుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పిల్లలకు వేసవి సెలవులు ఇచ్చే మే నెలలో మారిషస్‌లో వేడి తగ్గి, తుపానుల కాలం ముగింపుకు వస్తుంది, సముద్రపు నీరు మాత్రం ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. దసరా, దీపావళి సెలవులు పడే అక్టోబరు ఇంకా మంచిది, ఎందుకంటే అప్పటికి గాలి నెమ్మదిస్తుంది, వానలు మొదలుకావు. జూలై, ఆగస్టు నెలల్లో వెళ్లేవారు పడమటి తీరాన్నో వాయవ్య తీరాన్నో ఎంచుకోవాలి. ఆ రోజుల్లో నీరు 22, 23 డిగ్రీలకు దిగుతుంది కనుక చిన్నపిల్లలు ఎక్కువసేపు నీళ్లలో ఉండలేరు. నవంబరు, డిసెంబరుల్లో వెళ్లేవారికి తూర్పు తీరపు గాలి హాయినిస్తుంది. ఆ నెలల్లోనే అక్కడ లిచీ పండ్లు, మామిడిపండ్లు వస్తాయి.

సంక్రాంతి సెలవుల్లో వెళ్లడం గురించి మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. జనవరి నుంచి మార్చి వరకు తుపానుల తాకిడి ఎక్కువ. 2024 జనవరిలో సంక్రాంతి రోజునే వచ్చిన బెలాల్ తుపానుకు రాజధాని పోర్ట్ లూయీ వీధుల్లో వరద పారి కార్లు కొట్టుకుపోయాయి, విమానాలు ఆగిపోయాయి. అక్కడ తుపాను హెచ్చరికలను ఒకటి నుంచి నాలుగు వరకు శ్రేణులుగా ప్రకటిస్తారు. మూడో శ్రేణి ప్రకటించగానే బస్సులు ఆగుతాయి, నాలుగో శ్రేణిలో ఎవరూ బయట తిరగకూడదు. ఆ నెలల్లో వెళ్లక తప్పనివారు తుపాను వల్ల ప్రయాణం రద్దయితే పరిహారం ఇచ్చే బీమా తీసుకోవాలి. తిరుగు ప్రయాణానికీ ఉద్యోగంలో చేరవలసిన రోజుకూ మధ్య రెండు రోజుల వ్యవధి ఉంచుకోవాలి.

ద్వీపం చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బలు గోడ కట్టినట్టు ఉంటాయి. పెద్ద అలలు ఆ దిబ్బల దగ్గరే విరిగిపోవడం వల్ల వాటికీ ఒడ్డుకూ నడుమనున్న లగూన్‌లో నీరు లోతు తక్కువగా, నిదానంగా ఉంటుంది. ఉత్తరాన గ్రాండ్ బే, పెరేబేర్, ట్రూ ఓ బిష్ తీరాలు ఉన్నాయి. దుకాణాలు, భోజనశాలలు, రాత్రి సందడి కావాలనుకునేవారికి గ్రాండ్ బే తగినది. పిల్లలతో వెళ్లేవారికి ట్రూ ఓ బిష్ తీరం అన్నివిధాలా అనుకూలం. పడమట ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో అద్దె అపార్టుమెంట్లు ఎక్కువ, సూర్యాస్తమయాలు బాగుంటాయి. తూర్పున బెల్ మార్ తీరం పొడవైనది, ప్రశాంతమైనది, ఖరీదైనది. దక్షిణాన సూయాక్ దగ్గరి గ్రీ గ్రీలో పగడపు దిబ్బ లేదు, అలలు నేరుగా కొండ అంచును కొడతాయి. అది గట్టు మీద నిలబడి చూడవలసిన చోటే తప్ప నీళ్లలో దిగవలసిన చోటు కాదు.

బస విషయంలో ఒక్క సంగతి తెలిస్తే చాలా ఖర్చు తగ్గుతుంది. మారిషస్‌లో ఏ సముద్రతీరమూ హోటళ్ల సొంతం కాదు, పోటు నీరు చేరే మేర వరకు తీరం ప్రజలదే. పెద్ద రిసార్టు ముందున్న ఇసుకలో ఎవరైనా నడవవచ్చు, అక్కడి నీళ్లలో ఈదవచ్చు. కాబట్టి తీరానికి నడిచి వెళ్లగల దూరంలో వంటగది ఉన్న అపార్టుమెంటు తీసుకుంటే అదే సముద్రం సగం ఖర్చుకే దొరుకుతుంది. ముఖ్యంగా అమ్మానాన్నలను, అత్తమామలను వెంట తీసుకువెళ్లేవారికి పొద్దున ఫిల్టర్ కాఫీ, రాత్రికి ఇంత అన్నం, చారు చేసుకునే వీలుండటం చిన్న విషయం కాదు. కొత్తగా పెళ్లయిన జంటకు రిసార్టే కావాలంటే తప్పులేదు. అయితే ప్యాకేజీలో ఎన్ని పూటల భోజనం ఉంది, గది నేరుగా తీరం మీద ఉందా లేక రోడ్డు దాటి వెళ్లాలా, విమానాశ్రయం నుంచి తీసుకువెళ్లే వాహనం ఖర్చు అందులో కలిసి ఉందా అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి.

భారతీయ పాస్‌పోర్టు ఉన్న పర్యాటకులు ముందుగా వీసా తీసుకోవలసిన పని లేదు. తిరుగు టికెట్టు, బస వివరాలు, ఖర్చులకు సరిపడే డబ్బు ఉన్నట్టు ఆధారాలు చూపించాలి. ప్రయాణానికి ముందే ప్రభుత్వ వెబ్‌సైటులో డిజిటల్ ట్రావెల్ ఫారం నింపి, దాని ప్రతిని దగ్గర ఉంచుకోవాలి. మన ప్రాంతాల వారు ఎక్కువగా ముంబై మీదుగా వెళ్తారు, అక్కడి నుంచి ప్రయాణం ఆరేడు గంటలు. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక ఉంటుంది. అక్కడి నాణెం పేరు కూడా రూపాయే అయినా దాని విలువ మన రూపాయి కన్నా బాగా ఎక్కువ, ధరల పట్టికను చూసేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి. పెట్టె సర్దేటప్పుడు కరివేపాకు, పచ్చి కూరగాయలు, పండ్లు, విత్తనాలు పెట్టకూడదు. ద్వీపపు పంటలకు తెగుళ్లు సోకకుండా మొక్కల దిగుమతిపై అక్కడ కఠినమైన నియంత్రణ ఉంది. రోజూ వేసుకునే మందులు ఉంటే డాక్టరు చీటీతో సహా, కంపెనీ ప్యాకింగ్‌లోనే తీసుకువెళ్లాలి.

వాహనాలు మనలాగే రోడ్డుకు ఎడమవైపున నడుస్తాయి కనుక కారు అద్దెకు తీసుకోవడం మనవారికి కష్టం కాదు. రెండు మూడు రోజులకు మాత్రమే కారు తీసుకుని, ఆ రోజుల్లో దూరపు స్థలాలు చూసి, మిగతా రోజులు తీరం దగ్గరే గడపడం మేలు. టాక్సీ ఎక్కేముందు మొత్తం తిరుగుడుకు ఎంత, వేచి ఉండే సమయం అందులో కలిసిందా అని మాట్లాడుకోవాలి. బస్సులు చౌక, ఊరూరికీ వెళ్తాయి, కానీ చీకటి పడ్డాక పలచబడతాయి. జూన్‌లో అక్కడ ఆరు గంటల లోపే పొద్దు గుంకుతుందని మరవకూడదు. పోర్ట్ లూయీ నుంచి క్యూర్‌పిప్ వరకు నడిచే మెట్రో రైలు, రాజధాని ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా ఉండటానికి చక్కని దారి.

ఇక పోర్ట్ లూయీ. ప్యాకేజీల్లో రాజధానికి కేటాయించే రెండు గంటలు కోడాన్ వాటర్‌ఫ్రంట్ దుకాణాల్లోనే అయిపోతాయి. తెలుగువారు మాత్రం అక్కడ ఒక పూట పూర్తిగా ఉంచుకోవాలని నేను మనస్ఫూర్తిగా కోరుతున్నాను, ఎందుకంటే ఆ దుకాణాలకు కొద్ది దూరంలోనే ఆప్రవాసీ ఘాట్ ఉంది. చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా భారతదేశం నుంచి తెచ్చినవారిని దింపిన చోటు అది. మొదటి బృందం 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో వచ్చింది; 1920 వరకు దాదాపు ఐదు లక్షల మంది ఈ మార్గాన వచ్చారు. యునెస్కో 2006లో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ మిగిలినవి నల్లరాతి గోడలు, కూలీలను ఉంచిన గదుల పునాదులు, ఓడ దిగినవారు ఎక్కి వచ్చిన పదహారు మెట్లు. మెట్ల అంచులు అరిగి ఉన్నాయి, వాటి ముందు కొంత సముద్రాన్ని పూడ్చేయడంతో రేవు ఎక్కడ ఉండేదో ఊహించుకోవలసి వస్తుంది. విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాల నుంచి బయలుదేరి కోరంగి రేవులో ఓడ ఎక్కిన మనవాళ్లు ఆ కాలంలోనే ఈ ద్వీపానికి చేరారు. పక్కనే ఉన్న ప్రదర్శనశాలలో ఆ ప్రయాణాల వివరాలు చూడవచ్చు. ఆదివారం మూసి ఉంటుంది కనుక ఏదైనా పనిరోజున ఉదయం వెళ్లాలి. వలస వచ్చినవారి పేర్లు, ఊర్లు, కొందరి ఛాయాచిత్రాలు ఉన్న రికార్డులు మోకా అనే ఊరిలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి.

ఆ కూలీల వారసులైన తెలుగువారు నేటికీ అక్కడి తెలుగు సంఘమైన ఆంధ్ర మహాసభ నీడన సంఘటితంగా ఉన్నారు. బడుల్లో తెలుగు బోధన సాగుతోంది, ఉగాది జాతీయ సెలవుదినం, 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఇళ్లలో ఎక్కువమంది మాట్లాడేది క్రియోల్ అనే స్థానిక భాష కనుక, తెలుగు పేరు వినపడగానే తెలుగులో సంభాషణ ఆశించి వారిని ఇబ్బంది పెట్టకూడదు. కానీ సింహాద్రి అప్పన్నకు అక్కడివారు చేసే పూజ, దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా పాడే రామభజనం, అమ్మోరు పండుగ చూసే అవకాశం దొరికితే వదులుకోవద్దు. ఉగాది రోజుల్లో ప్రయాణం కుదిరితే ముందుగానే ఏదైనా తెలుగు గుడివారిని సంప్రదించి, అనుమతి తీసుకుని వెళ్లండి. మహాశివరాత్రికి మాత్రం లక్షలాది మంది కావళ్లు మోసుకుంటూ కాలినడకన గంగా తలావ్ అనే పవిత్ర సరస్సుకు సాగుతారు. అది చూడదగినదే, కానీ ఆ రెండు మూడు రోజులు పీఠభూమి రోడ్లపై కారులో తిరిగే ఆలోచన పెట్టుకోకూడదు.

భోజనానికి శాకాహారులు దిగులుపడనక్కర లేదు. పోర్ట్ లూయీ సెంట్రల్ మార్కెట్ పరిసరాల్లో దాల్ పూరీ బండ్లు ఉంటాయి. పసుపు కలిపిన శనగపప్పు పొడి నింపి ఒత్తిన ఈ పలుచని రొట్టె బెల్లం లేని బొబ్బట్టులా ఉంటుంది. బండివాడు దొంతరలోంచి రెండు రొట్టెలు తీసి, వాటిలో తెల్ల చిక్కుడు గింజల కూర, టమాటాతో చేసే రుగాయ్, పచ్చిమిర్చి పచ్చడి గబగబా రాసి కాగితంలో చుట్టి చేతికిస్తాడు. అక్కడే నిలబడి తినడం ఆనవాయితీ. సాయంత్రం పూట పప్పు రుబ్బి పచ్చిమిర్చి వేసి వేయించే గాతో పిమాన్, చల్లని పాలలో సబ్జా గింజలు వేసిన అలూదా దొరుకుతాయి. మాంసం కలిసిందా లేదా అన్నది ప్రతి చోటా అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే నూడుల్స్, సూపుల్లో అది చెప్పకుండానే కలిపి ఉండవచ్చు.

నైరుతి మూల ఒక రోజు కేటాయించవలసిన ప్రాంతం. పొద్దున్నే గంగా తలావ్ దగ్గర 33 మీటర్ల శివుడి విగ్రహాన్ని దర్శించి, బ్లాక్ రివర్ గార్జెస్ అడవి అంచున ఆగి, షామరెల్ జలపాతం, ఏడు రంగుల మట్టి చూసి, సాయంత్రానికి లె మోర్న్ కొండ కిందికి దిగాలి. ఏడు రంగుల మట్టి దగ్గర అరగంట చాలు. ఫోటోల్లో కనిపించేంత విశాలమైన చోటు కాదది. 556 మీటర్ల లె మోర్న్ కొండ పారిపోయిన బానిసలు తలదాచుకున్న చోటు, 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దానిపైకి ఎక్కాలంటే తెల్లవారుతూనే మొదలుపెట్టాలి. మొదటి సగం అందరూ నడవగలరు, పైన రాళ్లు పట్టుకుని ఎక్కవలసి వస్తుంది కనుక పెద్దవారు మధ్యలో ఆగిపోవడమే మంచిది. తూర్పున ఈల్ ఓ సెర్ఫ్ దీవికి ట్రూ డో డూస్ అనే ఊరి నుంచి తొలి పడవలో వెళితే ఇసుక ఖాళీగా దొరుకుతుంది, మధ్యాహ్నానికి గుంపులు దిగుతాయి.

నీళ్లలో దిగేటప్పుడు గట్టి రబ్బరు అడుగున్న వాటర్ షూస్ తప్పనిసరి. రాయిలా కదలకుండా పడుకునే స్టోన్‌ఫిష్ ముల్లు గుచ్చుకుంటే భరించలేని నొప్పి పుడుతుంది, ఆ పాదాన్ని ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పగడాల మీద నిలబడకూడదు, గవ్వలు, పగడపు ముక్కలు ఏరి తెచ్చుకోకూడదు. డాల్ఫిన్లను చూపించే పడవలు మాట్లాడుకునేటప్పుడు, వాటిని తరమకుండా దూరం పాటించే నిర్వాహకుడినే ఎంచుకోవాలి. పది పడవలు ఒకే గుంపును చుట్టుముట్టడం వాటికి హింసే.

వారం రోజుల యాత్ర అయితే నాలుగు రాత్రులు పడమటి తీరంలో, రెండు ఉత్తరాన గడిపి, చివరి రాత్రి ఆగ్నేయాన మాయెబూర్‌లోనో బ్లూ బే దగ్గరో ఉంటే విమానాశ్రయం పక్కనే ఉంటుంది, గ్రాండ్ బే నుంచి తెల్లవారుజామున గంటకు పైగా ప్రయాణం చేయవలసిన పని తప్పుతుంది. బ్లూ బేలోని రక్షిత సముద్రవనంలో అద్దం అడుగున్న పడవలోంచి పగడాలు చూడటం ఆ చివరి రోజుకు తగిన పని. స్కూబా డైవింగ్ మాత్రం ఆ రోజుకు పెట్టుకోవద్దు. లోతు నుంచి పైకి వచ్చినవారు విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు, వీలైతే 24 గంటలు ఆగాలి కనుక దాన్ని యాత్ర మొదటి సగంలోనే ముగించుకోవాలి.