టర్కీ తువ్వాలు నేత మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

మొదట మరమగ్గం కరెంటు ఆపండి. నడుస్తున్న మగ్గంలో చెయ్యి పెట్టి బిగింపులు సరిచూడవద్దు, ఎంత అనుభవం ఉన్నా సరే.

ఒంటిమీద లూపులు లేచే టర్కీ తువ్వాలుకు పడుగు (నిలువు పోగులు) చుట్టిన బీములు రెండు. అడుగు బట్ట పడుగు గట్టిగా, లూపుల పడుగు వదులుగా ఉండాలి. లూపుల బీము బ్రేకు అతిగా బిగిస్తే లూపులు పొట్టివై తువ్వాలు నీరు సరిగా పీల్చదు. మరీ వదిలితే ఎగుడుదిగుడుగా లేస్తాయి.

నేను ఎక్కువసేపు చూసేది పేకల (అడ్డపోగుల) దూరం. మూడు పేకల నేతలో మొదటి రెండింటిని అచ్చు (పేకను కొట్టే దువ్వెన) అప్పటిదాకా నేసిన బట్ట అంచుకు కాస్త ఇవతలే ఆపుతుంది. మూడోది పడ్డాక మూడింటినీ కలిపి అంచుకు కొడుతుంది, అప్పుడే లూపు లేస్తుంది. దాని ఎత్తు ఆ ఖాళీలో దాదాపు సగం: 10 మిల్లీమీటర్లు వదిలితే సుమారు 5. కాబట్టి కొలిచి పెట్టండి, కంటి అంచనా చాలదు.

అంగుళానికి పేకలు లెక్కపెట్టండి. తగ్గితే లూపులకు పట్టు ఉండదు.

వేసవి మధ్యాహ్నం గాలి పొడిబారి నూలు తెగుతుంటే, మోటారుకు దూరంగా నేల తడపండి. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో మన డెల్టాలో బాధ వేరు: నూలుకు పట్టించిన గంజి చెమ్మ పీల్చి పోగులు అంటుకుంటాయి. బీములను నేలమీద, తడిగోడ పక్కన ఉంచకండి.

ముందు ఒక ముక్క నేసి, గంజి పోయేలా ఉడికించి ఉతికాకే నీటిలో వేసి చూడండి. గంజి పోని పచ్చి బట్ట నీరు పీల్చదు. అది చూసి కంగారుపడి బిగింపులు మార్చకండి.