క్రీడా బూట్ల కంపెనీని అధ్యయనం చేయడం ఎలా: అడిడాస్ ఉదాహరణగా

క్రీడా బూట్ల కంపెనీ మీద ప్రాజెక్టు నివేదిక రాయవలసి వచ్చిన వాణిజ్య విద్యార్థి అయినా, షేరు కొనబోయే ముందు పూర్వాపరాలు తెలుసుకోదలచిన మదుపరి అయినా సాధారణంగా మొదట తెరిచేది ఆ కంపెనీ వెబ్‌సైటులోని చరిత్ర పేజీ. అది చివర తెరవవలసిన పేజీ అని నా అభిప్రాయం. ముందుగా తెరవవలసింది బూట్ల పెట్టె. ఈ పద్ధతిని వివరించడానికి జర్మనీకి చెందిన అడిడాస్‌ను ఎంచుకున్నాను. నైకీ, ప్యూమా, ఏసిక్స్ వంటి కంపెనీలకు కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది.

పెట్టె పక్కన ఒక చీటీ అంటించి ఉంటుంది. దాని మీద వేర్వేరు దేశాల కొలతల్లో సైజు, ఆ డిజైనును గుర్తించే, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆర్టికల్ నంబరు, తయారైన దేశం పేరు కనిపిస్తాయి. మన దేశంలో అమ్మే పెట్టె అయితే గరిష్ఠ చిల్లర ధర, తయారైన లేక దిగుమతి అయిన నెల, సంవత్సరం, తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, ఫిర్యాదులకు ఫోన్ నంబరు కూడా ఉండాలి. బూటు నాలుకను వెనక్కి తిప్పి చూస్తే సైజు, ఆర్టికల్ నంబరు, తయారైన దేశం చిన్న అక్షరాల్లో మళ్లీ కనిపిస్తాయి. రెండు చోట్లా ఆర్టికల్ నంబరు ఒకటే కాకపోతే పెట్టె మారిందనో, సరుకు నకిలీదనో అనుమానించవచ్చు. ఇప్పుడు నోటు పుస్తకంలో మూడు ప్రశ్నలు రాసుకోండి. ఈ బూటును ఎవరు కుట్టారు? ఎవరు తెప్పించారు? ఎవరు అమ్మారు? చాలా జోళ్ల విషయంలో మూడింటికీ మూడు వేర్వేరు సమాధానాలు వస్తాయి. బూటు మీద ఎవరి పేరు పెద్దగా ఉందో వారు దానిని కుట్టి ఉండరు. ఈ వ్యాపారం మొత్తానికీ తాళంచెవి ఇదే.

అడిడాస్ బూట్లలో ఎక్కువ భాగం వియత్నాం, ఇండోనేషియా, చైనాలలో ఇతరుల కర్మాగారాల్లో తయారవుతాయి. తనకు సరుకు తయారుచేసి ఇచ్చే కర్మాగారాల జాబితాను కంపెనీయే ప్రచురిస్తుంది కాబట్టి దానిని దించుకుని దేశాల వారీగా లెక్క వేయడం విద్యార్థికి ఒక పూట పని. తెలుగువారికి ఆ జాబితాలో తెలిసిన ఊరే తగులుతుంది. పూర్వం నెల్లూరు జిల్లాలో, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న తడ మండలంలో, తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా మాంబట్టు ఉంది. తైవాన్ మూలాలున్న అపాచీ సంస్థ ఆ ఊళ్లో 2006 నుంచి అడిడాస్ కోసం బూట్లు తయారు చేస్తోంది. వేల మంది పనిచేసే ఆ కర్మాగారంలో మహిళలే ఎక్కువ. జర్మన్ కంపెనీ డిజైనును, నాణ్యతా ప్రమాణాలను, ధరను నిర్ణయిస్తుంది. స్థలం, యంత్రాలు, కూలీల భారం తయారీ సంస్థది.

కర్మాగారం సొంతంగా ఎందుకు పెట్టుకోరన్న ప్రశ్న ఇక్కడ రావాలి. పాదాన్ని కప్పే పైభాగం (అప్పర్) ముక్కలు కోయడం, వాటిని కుట్టడం, కాలి ఆకారంలో ఉండే అచ్చుకు తొడిగి బిగించడం, జిగురు పూసి అడుగును అతికించడం వంటి పనుల్లో చాలా వాటికి ఇప్పటికీ మనిషి చెయ్యే కావాలి. పైగా డిజైన్లు కొద్ది నెలలకే మారిపోతాయి. దీనిని మార్చాలని అడిడాస్ ఒకసారి ప్రయత్నించింది. జర్మనీలోని అన్స్‌బాఖ్‌లోను, అమెరికాలోని అట్లాంటాలోను స్పీడ్‌ఫ్యాక్టరీ పేరుతో రోబోలు ఎక్కువగా పనిచేసే కర్మాగారాలను తెరిపించి, 2020 నాటికి రెండింటినీ మూసివేసి, ఆ సాంకేతికతను ఆసియాలోని సరఫరాదారులకు అప్పగించింది. ఈ ఒక్క ఉదంతాన్ని సరిగా వివరించిన నివేదిక, డిజిటల్ పరివర్తన గురించి పది పేజీలు నింపిన నివేదిక కంటే మెరుగని నేను అంటాను.

ఇక చరిత్రకు రండి. కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమ వైపు కంపెనీ తన గురించి చెప్పుకున్నదీ, కుడి వైపు ఇతరులు చెప్పినదీ రాసుకోవాలి. ఎడమ వైపు కథ అందమైనదే. బవేరియాలోని హెర్ట్సోగెనావురాఖ్ అనే చిన్న ఊళ్లో, తల్లి బట్టలుతికే గదిలో అడాల్ఫ్ డాస్లర్ బూట్లు కుట్టడం మొదలుపెట్టాడు. అన్న రుడాల్ఫ్‌తో కలిసి నడిపిన సంస్థ 1924లో నమోదయింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 4 స్వర్ణాలు గెలిచిన జెస్సీ ఓవెన్స్ డాస్లర్ల స్పైక్స్ (అడుగున మేకులుండే పరుగు బూట్లు) తొడుక్కున్నాడు. కుడి వైపు రాసుకోవలసింది కూడా ఉంది. అన్నదమ్ములిద్దరూ 1933లో నాజీ పార్టీలో చేరారు. యుద్ధం చివరి సంవత్సరాల్లో వారి కర్మాగారంలో ట్యాంకులను ధ్వంసం చేసే ఆయుధాలు తయారయ్యాయి. ఓవెన్స్ సంగతి రాసి ఈ సంగతి వదిలేస్తే అది చరిత్ర కాదు, ప్రకటన.

యుద్ధం ముగిశాక అన్నదమ్ములు విడిపోయారు. రుడాల్ఫ్ 1948లో ఏటికి అవతలి ఒడ్డున ప్యూమాను స్థాపించాడు. అడాల్ఫ్ తన ముద్దుపేరైన ఆది, ఇంటిపేరులోని మొదటి మూడు అక్షరాలు కలిపి, 47 మంది ఉద్యోగులతో 1949 ఆగస్టు 18న అడిడాస్‌ను నమోదు చేశాడు. అన్నదమ్ముల పొలం గట్టు తగాదాలు మనకు కొత్త కావు గాని, ఇక్కడ గట్టు ఊరి మధ్యనే పడింది. ఎదురైన మనిషి ఏ కంపెనీ బూట్లు తొడిగాడో చూసుకున్న తరువాతే జనం మాట కలిపేవారట. అందుకే దానికి వంగిన మెడల ఊరు అనే పేరు వచ్చింది.

రెండు నిలువు వరుసలూ ఢీకొనే చోటే అసలు పని మొదలవుతుంది. మూడు చారల సంగతే చూడండి. మూడు చారలున్న బూటును స్థాపన రోజునే నమోదు చేశామని అడిడాస్ చెప్పుకుంటుంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్ తరువాత ఆ గుర్తును నేటి లెక్కలో దాదాపు 1,600 యూరోలకు, రెండు సీసాల విస్కీకి తామే అమ్మామని ఫిన్లండ్‌కు చెందిన కార్హు సంస్థ చెబుతుంది. అలాగే 1954లో బెర్న్‌లో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్‌లో, వానకు తడిసిన మైదానం మీద, అడుగున మరలా బిగించుకునే స్టడ్లు (జారకుండా పట్టునిచ్చే గుబ్బలు) ఉన్న అడిడాస్ బూట్లతో ఆడి పశ్చిమ జర్మనీ 3-2తో హంగరీని ఓడించింది. ఆ స్టడ్లను ముందు తీసుకువచ్చింది తామేనని ప్యూమా వాదన. ఇటువంటి చోట తీర్పు చెప్పవలసిన పని మనకు లేదు. ఎవరు ఏమంటున్నారో పేరుతో సహా రాసి, ఆ వాదన వలన వారికి ఏమి లాభమో ఒక వాక్యంలో చేర్చాలి. మూడు చారలు కేవలం అలంకారం కావు, చట్టపరమైన ఆస్తి. 2019లో ఐరోపా సమాఖ్య జనరల్ కోర్టు, ఏ దిశలో గీసినా మూడు సమాంతర గీతలన్నీ తనవేనన్న అడిడాస్ విస్తృత ట్రేడ్‌మార్కును చెల్లదని తేల్చింది. అందుకే గుర్తు ఎప్పుడు పుట్టిందన్నది ఈ కంపెనీకి పాత జ్ఞాపకం మాత్రమే కాదు, వ్యాపార విషయం కూడా.

యాజమాన్యం మారిన తేదీలను కూడా వేరుగా ఒక కాగితం మీద వేసుకోండి. అడాల్ఫ్ 1978లో, ఆయన కుమారుడు హోర్స్ట్ 1987లో మరణించారు. 1990లో ఫ్రెంచి వ్యాపారి బెర్నార్ తాపీ అప్పు తెచ్చి కంపెనీని కొన్నాడు. 1992 నాటికి అది దివాలా అంచుకు చేరింది. 1993లో పగ్గాలు చేపట్టిన రొబేర్ లూయీ-డ్రెఫ్యూస్ దానిని గట్టెక్కించి 1995లో స్టాక్ మార్కెట్‌కు తెచ్చాడు. 2006లో 310 కోట్ల యూరోలకు కొనుగోలు పూర్తిచేసిన రీబాక్‌ను, గరిష్ఠంగా 210 కోట్ల యూరోలు వచ్చే ఒప్పందంతో 2022లో వదిలించుకున్నారు. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెడితే వ్యాఖ్య అవసరం లేదు.

తరువాత వార్షిక నివేదిక. వందల పేజీలు చూసి బెదరవద్దు. మొదటిసారికి లాభనష్టాల పట్టిక, సరుకు నిల్వల అంకె, అమ్మకాలను ప్రాంతాల వారీగా చూపే పట్టిక చాలు. 2024లో అడిడాస్ అమ్మకాలు దాదాపు 2,370 కోట్ల యూరోలు. స్థూల లాభం 50.8 శాతం. అమ్మకాన్ని 100గా అనుకుంటే సరుకు కోసం అయిన ఖర్చు 49 మాత్రమే. మిగిలిన 51లో దాదాపు 12 ప్రచారానికీ, క్రీడాకారుల, జట్ల ఒప్పందాలకూ పోతుంది. దుకాణాలు, గోదాములు, జీతాలు మొదలైనవి 33 కంటే కాస్త ఎక్కువే తింటాయి. చివరికి నిర్వహణ లాభంగా మిగిలేది 6 కంటే తక్కువ. సగానికి సగం లాభమట అని ఆశ్చర్యపోయేవారు ఈ చివరి అంకె దాకా రావాలి. 2023లో మొదలైన భారత క్రికెట్ జట్టు జెర్సీ ఒప్పందం వంటివన్నీ ఆ 12లోనే ఇమడాలి.

మొత్తం చూశాక లోపల ఏ ఒక్క వస్తువు మీద ఎంత ఆధారపడ్డారో వెతకండి. సంగీతకారుడు కాన్యే వెస్ట్‌తో కలిసి అమ్మిన యీజీ బూట్లు అడిడాస్‌కు బంగారు బాతు. ఆయన యూదు వ్యతిరేక వ్యాఖ్యల తరువాత 2022 అక్టోబరులో ఒప్పందాన్ని రద్దు చేసుకునే సరికి కోట్ల యూరోల సరుకు గోదాముల్లో ఉండిపోయింది. 2023లో కంపెనీ నికర నష్టం చూపింది. మిగిలిన సరుకును విడతలుగా అమ్మి, రాబడిలో కొంత విరాళంగా ఇచ్చారు. 2024 నిర్వహణ లాభం దాదాపు 134 కోట్ల యూరోలలో 20 కోట్లు ఆ మిగులు సరుకు నుంచి వచ్చినవే. అది మళ్లీ రాని ఆదాయం కాబట్టి వృద్ధిని లెక్కించేటప్పుడు తీసివేసి చూడాలి.

నిల్వల అంకె నా దృష్టిలో లాభం కంటే నిజాయితీ గలది. 2022 చివర 597 కోట్ల యూరోల విలువైన సరుకు పేరుకుని ఉండగా, ఏడాది తిరిగేసరికి అది 453 కోట్లకు తగ్గింది. అమ్మకాలు పెరగకుండా నిల్వలు పెరిగాయంటే తగ్గింపు ధరల ఋతువు రాబోతున్నట్లే. నైకీతో పోల్చదలచినవారు ఒక జాగ్రత్త పాటించాలి. అడిడాస్ లెక్కల సంవత్సరం డిసెంబరుతో, నైకీది మే 31తో ముగుస్తుంది; ఒకరిది యూరో, మరొకరిది డాలరు. కరెన్సీ మార్పులను మినహాయించి చూపిన వృద్ధి శాతం ఏదో, మినహాయించనిది ఏదో ప్రతి అంకె పక్కనా రాసుకోకపోతే పోలిక తప్పుతుంది.

ఇప్పుడు మళ్లీ దుకాణానికి వెళ్లండి. 5,900 రూపాయల గరిష్ఠ ధర ఉన్న జోడు తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయలు దాటిన పాదరక్షలకు జీఎస్టీ 18 శాతం కనుక, ఆ ధరకే అమ్మితే అందులో 900 పన్ను. మిగిలిన 5,000లో డీలరు వాటా తీసివేశాకే కంపెనీ అమ్మకం లెక్కకు ఎక్కుతుంది. కంపెనీ సొంత దుకాణమైతే మొత్తం ఎక్కుతుంది గాని, అద్దె, సిబ్బంది ఖర్చు దాని మీదే పడతాయి. తరువాత ఫ్యాక్టరీ అవుట్‌లెట్‌లో తగ్గింపు అరల దగ్గర నిలబడి ఓ పది పెట్టెల మీద నెల, సంవత్సరం, అసలు ధర, తగ్గించిన ధర, మిగిలిన సైజులు రాసుకోండి. ఒకే ఆర్టికల్ నంబరులో 6 నుంచి 11 దాకా సైజులన్నీ దొరుకుతున్నాయంటే ఆ డిజైను జనానికి నచ్చలేదన్నమాట. చిన్న సైజులూ మరీ పెద్ద సైజులూ మాత్రమే మిగిలాయంటే అది బాగా అమ్ముడుపోయిన సరుకు తాలూకు తోక.