గొప్ప క్రికెటర్ ఎప్పుడు రిటైర్ కావాలి? ఎవరు ఎవరికంటే గొప్ప? ఈ లెక్క తేల్చుకోవడం ఎలా?

సచిన్, లక్ష్మణ్, ధోని, కోహ్లి... పేరు ఎవరిదైనా సరే, టీ కొట్టు దగ్గర మొదలైన వాదన కాసేపటికే అరుపుల దాకా వెళ్తుంది. "ఇతను ఇంకా ఆడాలా?" అనేది ఒక ప్రశ్న. "ఇతను ఎంత గొప్ప ఆటగాడు?" అనేది ఇంకొకటి. ఈ రెండూ కలిసిపోవడం వల్లే గొడవ. రిటైర్ కమ్మంటే అవమానించినట్టు కాదు. గొప్పవాడని ఒప్పుకున్నంత మాత్రాన జట్టులో చోటు శాశ్వతంగా రాసిచ్చినట్టూ కాదు. వాదనకు దిగే ముందు ఈ కింది పద్ధతిలో చూడండి.

1. ముందు వయసును పక్కన పెట్టండి

ఇమ్రాన్ ఖాన్ 1987 ప్రపంచ కప్ తర్వాత రిటైర్ అయ్యాడు. తిరిగొచ్చి 1992లో పాకిస్తాన్‌కు కప్పు తెచ్చాడు. ఇంగ్లండ్ పేసర్ ఆండర్సన్ 41 ఏళ్ల దాకా టెస్టులు ఆడాడు. వయసును బట్టి అనుమానం రావచ్చు కానీ, దాన్ని బట్టే తీర్పు చెప్పకూడదు.

2. కెరీర్‌ను రెండు ముక్కలు చేయండి

మొత్తం సగటు చూస్తే ఆటగాడు ఇప్పుడెలా ఆడుతున్నాడో తెలియదు. పాత పరుగులన్నీ కలిసి ఇప్పటి ఇబ్బందిని కప్పేస్తాయి. అందుకే అతను చివరిసారి తన స్థాయిలో ఆడిన మ్యాచ్ ఏదో గుర్తించి, అక్కడ గీత గీయండి.

సచిన్ విషయంలో ఆ గీత 2011 జనవరిలో పడుతుంది. కేప్‌టౌన్‌లో దక్షిణాఫ్రికా పేసర్ స్టెయిన్‌ను ఎదుర్కొని చేసిన 146 అతని 51వ టెస్టు సెంచరీ, ఆఖరిది కూడా. అప్పటికి 177 టెస్టుల్లో సగటు 56.94. ఆ తర్వాత ఆడిన 23 టెస్టుల్లో 1,229 పరుగులు, సగటు 32 పైచిలుకు. అయినా కెరీర్ మొత్తానికి 53.78 అని కనిపిస్తుంది కాబట్టి ఆ చివరి మూడేళ్లు సాఫీగానే గడిచాయనిపిస్తుంది. ఆ రోజుల్లో మ్యాచ్ చూసిన వాళ్లకు మాత్రం అతను క్రీజులోకి వస్తుంటే ఎంత టెన్షన్‌గా ఉండేదో గుర్తుండే ఉంటుంది. వందో అంతర్జాతీయ సెంచరీ కోసం ఏడాది పాటు దేశమంతా ఎదురుచూసింది. చివరికి 2012 మార్చిలో మీర్పూర్‌లో అది వచ్చిన మ్యాచ్‌లో భారత్ బంగ్లాదేశ్ చేతిలో ఓడిపోయింది.

3. ఎన్ని కొట్టాడని కాదు, ఎలా అవుటవుతున్నాడో చూడండి

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మంచి బంతికి ఎడ్జ్ ఇచ్చి స్లిప్‌లో దొరికిపోవడం ఎవరికైనా జరుగుతుంది. వరసగా బౌల్డ్, ఎల్బీడబ్ల్యూ అవుతుంటే మాత్రం కన్నో, కాలో ఆలస్యమవుతోందేమో అని ఆలోచించాలి. 2012 ఆగస్టులో న్యూజిలాండ్ వచ్చినప్పుడు సచిన్ ఆడినవి మూడు ఇన్నింగ్స్. ఉప్పల్‌లో 19 పరుగుల దగ్గర బౌల్ట్ బౌల్డ్ చేశాడు. బెంగళూరులో బ్రేస్‌వెల్ ఒకసారి, సౌథీ ఒకసారి. మూడుసార్లూ వికెట్లే ఎగిరాయి. రెండు దశాబ్దాలకు పైగా అంత గట్టిగా నిలిచిన డిఫెన్స్ అది. సచిన్ అంటే ప్రాణం పెట్టే నాకు అప్పుడే అనిపించింది, టెస్టులకు ఇక సెలవు చెప్పే వేళ వచ్చిందని. అతను ఇంకో ఏడాదికి పైగా ఆడాడు.

మీ అభిమాన ఆటగాడి చివరి పది అవుట్ల వీడియోలు వరసగా పెట్టుకుని చూడండి. ఒకే తప్పు మళ్లీ మళ్లీ జరుగుతోందా? నెలలు గడిచినా దాన్ని సరిదిద్దుకోలేకపోతున్నాడా? జవాబు అక్కడే దొరుకుతుంది.

4. వెనక వరసలో ఎవరున్నారో కనుక్కోండి

ఉప్పల్‌లో జరిగిన ఆ టెస్టునే తీసుకోండి. ఆ సిరీస్ జట్టులో లక్ష్మణ్ పేరు ఉంది. సొంత ఊరు, సొంత జనం. ఒక్క మ్యాచ్ ఆడి, అందరి చప్పట్ల మధ్య వెళ్లిపోవచ్చు. కానీ ఆగస్టు 18న, ఇంకా ఐదు రోజుల్లో టెస్టు ఉందనగా, రిటైర్మెంట్ ప్రకటించాడు. అంతకుముందు ఆస్ట్రేలియా టూర్‌లో నాలుగు టెస్టులాడి చేసింది 155 పరుగులే. హైదరాబాద్‌లో చాలామందికి కడుపు మండింది. నాకూ బాధేసింది. కానీ నిర్ణయం మాత్రం సరైనదే. అదే టెస్టులో, అప్పటికే తప్పుకున్న ద్రవిడ్ స్థానంలో వచ్చిన పుజారా 159 కొట్టాడు.

రోహిత్ శర్మ వన్డేల్లోకి 2007లోనే వచ్చినా, తొలి టెస్టు ఆడింది 2013 నవంబర్‌లో. అది సచిన్‌కు 199వ టెస్టు. రోహిత్ 177 కొట్టాడు, తర్వాతి టెస్టులో మళ్లీ సెంచరీ చేశాడు. సీనియర్ ఒక్కో సిరీస్ ఎక్కువ ఆడుతుంటే, బయట కూర్చున్న కుర్రాడికి మంచి వయసు కరిగిపోతుంటుంది. ఒకవేళ వెనక ఎవరూ సిద్ధంగా లేకపోతే సీనియర్‌ను తొందరపెట్టనక్కర్లేదు. ఇది కూడా అంతే నిజం.

5. ఆఖరి మ్యాచ్‌ను బట్టి మార్కులు వేయకండి

బ్రాడ్‌మన్ ఆఖరి ఇన్నింగ్స్‌లో సున్నా. గంగూలీ ఆఖరి ఇన్నింగ్స్‌లోనూ సున్నానే. మురళీధరన్ ఆఖరి బంతికి 800వ వికెట్ తీశాడు. వీడ్కోలు అదృష్టాన్ని బట్టి ఉంటుంది.

6. పోల్చేటప్పుడు ఆ కాలపు రూల్స్ పక్కన పెట్టుకోండి

వన్డేల్లో సచిన్ సగటు 44.83, కోహ్లిది 57 పైనే. ఈ రెండు అంకెలు చెప్పి వాదన ముగించేవాళ్లు చాలామంది. కానీ 2011 అక్టోబర్ నుంచి చాలా ఏళ్ల పాటు వన్డేల్లో రెండు ఎండ్‌ల నుంచి రెండు కొత్త బంతులు వాడారు. బంతి పాతబడటం తగ్గింది, రివర్స్ స్వింగ్ (పాతబడిన బంతి గాల్లో వంపు తిరగడం) దాదాపు మాయమైంది. 2012 నుంచి మధ్య ఓవర్లలో సర్కిల్ బయట నలుగురు ఫీల్డర్లే, అంటే బ్యాటర్‌కు పరుగులు తేలికయ్యాయి. సచిన్ వన్డే కెరీర్‌లో ఎక్కువ భాగం అంతకుముందే గడిచిపోయింది. దీనర్థం కోహ్లి తక్కువని కాదు. ఛేజింగ్‌లో అతని లాంటి ఆటగాడు మరొకడు లేడనే నా నమ్మకం. ఒక ఆటగాణ్ని తన కాలంలోని మిగతా వాళ్లతో పోల్చి, వాళ్లకంటే ఎంత పైన ఉన్నాడో చూడండి. వేర్వేరు కాలాల వాళ్లను పోల్చడానికి ఇంతకంటే న్యాయమైన కొలత లేదు.

7. సగటులో కనిపించని ఇన్నింగ్స్‌లను వెతకండి

లక్ష్మణ్ టెస్టు సగటు 45.97. ఈ అంకె చూసి అతన్ని రెండో వరసలో పెట్టేస్తారు. 2010 మొహాలీ టెస్టులో ఆస్ట్రేలియాపై లక్ష్యం 216, స్కోరు 8 వికెట్లకు 124. నడుం నొప్పితో, రన్నర్‌ను పెట్టుకుని, ఇషాంత్‌తో 81 పరుగులు జోడించి, చివర్లో ఓఝాను వెంటబెట్టుకుని ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. స్కోరు 73 నాటౌట్. సెంచరీల జాబితాలో ఇది ఎక్కడా కనిపించదు.

అవకాశాలెన్ని వచ్చాయో కూడా చూడాలి. హైదరాబాద్ నుంచి ఎదిగిన మిథాలీ రాజ్ 1999 నుంచి 2022 దాకా దేశానికి ఆడింది. అన్నేళ్లలో ఆడిన టెస్టులు 12. వాటిలో ఒక డబుల్ సెంచరీ. మహిళలకు టెస్టులే పెట్టనప్పుడు టెస్టు సెంచరీలు లెక్కపెట్టి పోల్చడం అన్యాయం. ఆమెను కొలవాలంటే 50 దాటిన వన్డే సగటుతో చేసిన 7,805 పరుగులు చూడండి.

8. ఇప్పుడు ఈ పద్ధతిలో ఒకరిని మీరే తేల్చండి

2025 మేలో టెస్టులకు వీడ్కోలు పలికిన కోహ్లిని తీసుకోండి. గీత పుణెలో చేసిన 254 నాటౌట్ దగ్గర పడుతుంది. అప్పటికి 81 టెస్టులు, సగటు 55.10, 26 సెంచరీలు. ఆ తర్వాత 42 టెస్టులు, సగటు 31 పైచిలుకు, నాలుగు సెంచరీలు. ఆఫ్ స్టంప్ బయట పడిన బంతికి బ్యాటు పెట్టి క్యాచ్ ఇవ్వడం ఆస్ట్రేలియా టూర్‌లో ఎన్నిసార్లు జరిగిందో చూశాం. టెస్టుల నుంచి తప్పుకోవాల్సిన సమయం వచ్చిందా అంటే, వచ్చిందనే నేనంటాను. ఎంత గొప్పవాడు అని అడిగితే మాత్రం ఆ 42 టెస్టులు తీసి అవతల పెట్టి, మొదటి 81 చూపిస్తాను.