కళ్ళజోడు అద్దాల్లో ఏ డిజైన్ మనకి సరిపోతుందో తేల్చుకోవడం ఎలా

కళ్ళజోడు కొనేటప్పుడు ఫ్రేమ్ కోసం గంటసేపు అద్దం ముందు నిలబడతాం, లెన్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "మంచిది ఏదుంటే అది వేసెయ్యండి" అని వచ్చేస్తాం. కానీ రోజంతా చూసేది ఆ లెన్స్‌లోంచే కదా. డాక్టర్ రాసిచ్చిన చీటీ ఒకటే, పవర్ ఒకటే, అయినా దాన్ని నాలుగైదు రకాల డిజైన్లలో చెయ్యొచ్చు, అందులో ఒకటి పెట్టుకున్న సంగతే మర్చిపోయేలా ఉంటుంది, ఇంకోటి సాయంత్రానికి మెడ పట్టేసేలా చేస్తుంది. కోటింగ్ గురించి, పలచదనం గురించి అడక్కపోయినా చెప్తారు గానీ డిజైన్ గురించి మనమే అడగాలి.

షాపుకి వెళ్ళే ముందే ఒక పని చెయ్యండి. రోజులో మీ కళ్ళు ఎంతెంత దూరంలో పని చేస్తున్నాయో టేపు పెట్టి కొలిచి కాగితం మీద రాసుకోండి, మామూలుగా ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని కంటి నుంచి కొలవాలి. ఫోన్ 35, 40 సెంటీమీటర్లు ఉంటుంది, ల్యాప్‌టాప్ 50, 60, పెద్ద మానిటర్ అయితే 65, 70, ఆ తర్వాత గదిలో మనుషులు, ఆ తర్వాత రోడ్డు. ఏ దూరంలో ఎన్ని గంటలు గడుస్తుందో కూడా పక్కన రాయండి. డిజైన్ తేల్చేది ఈ కాగితమే, మీ వయసు ఒక్కటే కాదు.

తర్వాత చీటీ చూడండి. స్ఫియర్ దగ్గర మైనస్ ఉంటే దూరం మసక, ప్లస్ ఉంటే దూరదృష్టి, అంటే దగ్గరవి చూడటం ఎక్కువ కష్టం. సిలిండర్, యాక్సిస్ ఉంటే అది ఆస్టిగ్మాటిజం, అంటే కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం. అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది యాడ్ అనే గడి, అంటే చత్వారం వచ్చాక దగ్గర చూపుకి అదనంగా కలిపే పవర్. నలభై దాటాక మొదలై మెల్లగా పెరుగుతూ పోతుంది. అక్కడ ఏమీ రాయకపోతే మామూలుగా సింగిల్ విజన్, అంటే లెన్స్ అంతా ఒకే పవర్ ఉండేది చాలు, ఏదన్నా అంకె ఉంటే అసలు ఎంపిక అప్పుడు మొదలవుతుంది.

సింగిల్ విజన్‌లో పెద్ద చిక్కు లేదు. స్ఫెరికల్, ఆస్ఫెరిక్ అని రెండు రకాలు, ఆస్ఫెరిక్‌లో ఉపరితలం వంపు మధ్య నుంచి అంచుకి మారుతూ వస్తుంది కాబట్టి లెన్స్ చదునుగా ఉంటుంది, ప్లస్ పవర్ వాళ్ళకి కళ్ళు ఉబ్బినట్టు కనిపించడం తగ్గుతుంది, అంచుల్లోంచి చూసినా వంకర తక్కువ. రెండు మూడు లోపు పవర్‌కి దీనికోసం అదనంగా ఖర్చు పెట్టక్కర్లేదని నా అభిప్రాయం, నాలుగు దాటితే తప్పకుండా అడగండి. ఇండెక్స్ అనేది వేరే విషయం, అది డిజైన్ కాదు, మెటీరియల్. 1.50, 1.60, 1.67, 1.74 అని అంకె పెరిగేకొద్దీ పలచబడుతుంది గానీ అబ్బే నంబర్ (కాంతిని రంగులుగా ఎంత తక్కువ విడగొడుతుందో చెప్పే అంకె) పడిపోతుంది, మామూలు ప్లాస్టిక్‌కి అది 58 దాకా ఉంటే 1.67కి 32 దగ్గరే, అది తగ్గితే పక్కకి చూసినప్పుడు అక్షరాల అంచుల్లో రంగులు కనిపించే అవకాశం పెరుగుతుంది. మైనస్ ఎక్కువున్నవాళ్ళు పెద్ద ఫ్రేమ్ తీసుకుని 1.74 వేయించుకోవడం కంటే చిన్న ఫ్రేమ్ తీసుకుంటే సగం మందం అక్కడే తగ్గుతుంది. పిల్లలకైతే పాలీకార్బొనేట్ గానీ ట్రైవెక్స్ గానీ అడగండి, తేలిగ్గా పగలవు. పిల్లలకి మైనస్ ఏటా పెరుగుతుంటే మధ్యలో మామూలు పవర్, చుట్టూ సన్నటి చిన్న లెన్సులు ఉండే ప్రత్యేక డిజైన్లు ఇప్పుడు ఉన్నాయి, అవి తమ పిల్లాడికి పనికొస్తాయో లేదో కంటి డాక్టర్‌నే అడగాలి.

ఇక బైఫోకల్. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1785లో స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, రెండు రకాల అద్దాల్ని సగానికి కోయించి పై సగం దూరానికి కింది సగం చదవడానికి ఒకే ఫ్రేములో పెట్టించుకున్నానని చెప్పాడు, ఇప్పటికీ మూలం అదే. కింద గుండ్రటి ముక్క ఉంటే రౌండ్, పైన తిన్నటి గీతతో ఉంటే డీ, ఈ చివర నుంచి ఆ చివరికి గీత ఉంటే ఎగ్జిక్యూటివ్. తేడా అందంలోనే కాదు, గీత దాటేటప్పుడు బొమ్మ ఎగిరిపడటంలో ఉంది. దీన్ని మీరే లెక్క కట్టొచ్చు, గీత నుంచి కింది ముక్క ఆప్టికల్ సెంటర్ (కాంతి వంగకుండా నేరుగా వెళ్ళే చోటు) ఎన్ని సెంటీమీటర్లు కిందుందో దాన్ని యాడ్‌తో గుణించండి. 22 మిల్లీమీటర్ల రౌండ్‌లో సెంటర్ 1.1 సెంటీమీటర్ కింద ఉంటుంది, యాడ్ 2.00 అయితే 2.2 ప్రిజం, బొమ్మ ఎంత జరుగుతుందో చెప్పే కొలత అది. డీలో సెంటర్ సుమారు అర సెంటీమీటరే కింద కాబట్టి ఒకటి దగ్గర ఆగుతుంది. ఎగ్జిక్యూటివ్‌లో సెంటర్ గీత మీదే ఉంటుంది, ఎగరడమే ఉండదు, కానీ బరువు. గంటల కొద్దీ చదివేవాళ్ళకి, కుట్టుపని చేసేవాళ్ళకి దూరం చూపుతో పాటు దగ్గర చూపు ఇంత విశాలంగా ఇచ్చేది ఇంకోటి లేదు, అందుకే బైఫోకల్ పాతదని తీసిపారేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. దాని లోటల్లా మధ్య దూరమే, యాడ్ 2.00 దగ్గరికి వచ్చాక మానిటర్ పైనుంచి చూసినా కిందనుంచి చూసినా మసకే.

ఆ లోటు తీర్చడానికి వచ్చిందే ప్రోగ్రెసివ్. బెర్నార్డ్ మెతెనాజ్ అనే ఫ్రెంచ్ ఇంజినీర్ చేసిన వారిలక్స్ 1959లో బయటికొచ్చింది, బాగా అమ్ముడుపోయిన మొదటి ప్రోగ్రెసివ్ అదే. పైన దూరం, కింద దగ్గర, మధ్యలో పవర్ మెల్లగా పెరుగుతూ దిగే సన్నటి దారి, దాన్ని కారిడార్ అంటారు. గీత లేదు, ఎగరడం లేదు, కానీ దానికి బదులుగా ఇచ్చుకోవాల్సింది పక్కల్లో మసక. ఇది ఏ కంపెనీ చేసినా తప్పదు. 1963లో మింక్విట్జ్ అనే ఆయన లెక్కతో చూపించిన విషయం ఏంటంటే, కారిడార్‌లో కిందికి పవర్ ఎంత వేగంగా పెరుగుతుందో దానికి రెట్టింపు వేగంతో పక్కలకి ఆస్టిగ్మాటిజం పెరుగుతుంది. యాడ్ 2.00, కారిడార్ పొడవు 10 మిల్లీమీటర్లు అనుకోండి, మిల్లీమీటర్‌కి 0.20 పెరిగింది, అంటే పక్కకి మిల్లీమీటర్‌కి 0.40 మసక, ఇటు రెండున్నర అటు రెండున్నర, మొత్తం 5 మిల్లీమీటర్ల వెడల్పు దారి దాటేసరికి ఒక డయాప్టర్ (పవర్‌ని కొలిచే యూనిట్) తేడా వచ్చేసింది. అదే యాడ్‌ని 14 మిల్లీమీటర్లలో నెమ్మదిగా దింపితే ఆ దారి 7 మిల్లీమీటర్లు అవుతుంది. యాడ్ 1.00 మాత్రమే ఉన్నప్పుడైతే 10 మిల్లీమీటర్లలోనే ఆ దారి 10 మిల్లీమీటర్ల వెడల్పు.

ఈ ఒక్క లెక్కలోంచి బోలెడు నిర్ణయాలు వస్తాయి. ఎత్తు తక్కువ సన్నటి ఫ్రేమ్ తీసుకుంటే కారిడార్ పొట్టిగా పెట్టాల్సి వస్తుంది, మధ్య చూపు ఇరుకవుతుంది, కాబట్టి ప్రోగ్రెసివ్‌కి కనుపాప నుంచి కింది అంచు దాకా కనీసం 18 మిల్లీమీటర్లు ఉండే ఫ్రేమ్ చూసుకోండి, ఇంకాస్త ఉంటే ఇంకా మేలు. యాడ్ తక్కువగా ఉన్నప్పుడే మొదలుపెట్టిన వాళ్ళు తేలిగ్గా అలవాటు పడతారు, 2.50 వచ్చేదాకా ఆగి మొదలుపెడితే ఇబ్బంది ఎక్కువ. హార్డ్ డిజైన్, సాఫ్ట్ డిజైన్ అన్న మాటలు కూడా ఇక్కడివే, హార్డ్‌లో దూరం, దగ్గర జాగాలు విశాలంగా ఉంటాయి గానీ పక్కన మసక ఒక్కసారి తగులుతుంది, సాఫ్ట్‌లో అది పలచగా పరుచుకుంటుంది. దుప్పటి ముడత ఒకచోట సర్దితే ఇంకోచోట లేచినట్టు, మసకని జరపగలరు గానీ తీసెయ్యలేరు. "అసలు డిస్టార్షన్ లేని ప్రోగ్రెసివ్" అని ఎవరన్నా అంటే నమ్మకండి. ఫ్రీఫార్మ్ అంటే లెన్స్ ఉపరితలాన్ని కంప్యూటర్ లెక్కతో పాయింట్ పాయింట్‌గా చెక్కడం, సిలిండర్ ఎక్కువున్నవాళ్ళకి, పవర్ ఎక్కువున్నవాళ్ళకి దీని తేడా తెలుస్తుంది, కానీ కొలతలు సరిగ్గా తియ్యకపోతే ఎంత ఖరీదైనదీ దండగే.

మీ కాగితం మీద మానిటరే ఆరేడు గంటలుంటే ఆఫీస్ లెన్స్ గురించి అడగండి. ఇందులో దూరం చూపు వదిలేసి, మధ్య దూరాన్నీ దగ్గరనీ విశాలంగా ఇస్తారు, గడ్డం పైకెత్తి తెరని చూసే బాధ పోతుంది. కంప్యూటర్‌కి మాత్రమే సింగిల్ విజన్ చేయించుకున్నా బాగానే ఉంటుంది, 65 సెంటీమీటర్ల తెరకి యాడ్‌లో సుమారు సగం కలిపితే చాలామందికి సరిపోతుంది, అయితే అంకె డాక్టర్ చేతే రాయించుకోండి. వీటితో బండి మాత్రం నడపొద్దు, దూరం మసకగా ఉంటుంది, నిజంగా ప్రమాదం. ముప్పైల్లో ఉండి సాయంత్రానికి కళ్ళు లాగేస్తున్నాయనే వాళ్ళకి యాంటీ ఫటీగ్ అని కింద అర డయాప్టర్ లాంటి చిన్న సాయం ఇచ్చేవి ఉంటాయి, అవి ఓసారి ప్రయత్నించొచ్చు.

కొలతల దగ్గర మొహమాటపడకండి. ప్రోగ్రెసివ్‌కి రెండు కళ్ళకీ కలిపి ఒకే పీడీ, అంటే కనుపాపల మధ్య దూరం, చాలదు, ముక్కు మధ్య నుంచి ఒక్కో కంటికి విడిగా కావాలి. ముందు ఫ్రేమ్‌ని మీ ముఖానికి సరిచేయించి, తర్వాతే తల నిటారుగా పెట్టి నిలబడి కనుపాప ఎత్తు మార్క్ చేయించుకోండి. సింగిల్ విజన్‌లో కూడా ఇది ముఖ్యమే, 5 డయాప్టర్ల లెన్స్‌లో సెంటర్ 4 మిల్లీమీటర్లు పక్కకి పోతే 2 ప్రిజం వచ్చి పడుతుంది, తలనొప్పికి అది చాలు.

కొత్త జోడు ఇచ్చాక మొదటి రోజు నుంచే అదే పెట్టుకోండి, పాతదీ కొత్తదీ మార్చి మార్చి పెడితే అలవాటు కాదు. పక్కకి చూడాలంటే కళ్ళు తిప్పకుండా ముక్కు అటు తిప్పండి, మెట్లు దిగేటప్పుడు గడ్డం దించి పై భాగంలోంచి చూడండి. రెండు వారాలైనా నేల ఊగినట్టుంటే ఊరుకోవద్దు, వెనక్కి తీసుకెళ్ళండి. ప్రోగ్రెసివ్ లెన్స్ మీద 34 మిల్లీమీటర్ల దూరంలో రెండు సన్నటి గుర్తులు చెక్కి ఉంటాయి, వెలుతురుకి అడ్డంగా పెట్టి చూస్తే కనిపిస్తాయి, చెవి వైపు గుర్తు కింద మీ యాడ్ కూడా ఉంటుంది. వాటిని పెన్నుతో మార్క్ చేసి, కనుపాప ఎదురుగా రావాల్సిన చోట ఫిట్టింగ్ క్రాస్ అనే గుర్తు గీసి, అది సరిగ్గా మీ కనుపాప మీద పడుతుందో లేదో మీ ఎదురుగానే చూపించమనండి. రెండు మూడు మిల్లీమీటర్లు తేడా ఉంటే ముందు ముక్కు ప్యాడ్లు, వంపు సర్ది చూస్తారు, అప్పటికీ కుదరకపోతే కొలతలు మళ్ళీ తీసి లెన్స్ మార్చి ఇవ్వమని అడగండి.