చందా కోసం సైకిల్ యాత్ర: గుంటూరు నుంచి సూర్యలంకకు వెళ్లి రావాలంటే

నూట ఇరవై కిలోమీటర్లు సైకిలు తొక్కడం ఒక ఎత్తు, ఆ పేరు చెప్పి పదిమందిని చందా అడగడం ఇంకొక ఎత్తు. మొదటిదానికి కాళ్లను అలవాటు చేయాలి. రెండోదానికి మొహమాటం చంపుకోవాలి. సేవా సైకిల్ యాత్రలో రెండూ తప్పవు. ఇది పోటీ కాదు. ఒక ఆదివారం తెల్లవారుజామున కొంతమంది కలిసి బయలుదేరతారు. ఒక్కొక్కరూ అప్పటికే చుట్టాల దగ్గర, స్నేహితుల దగ్గర కొంత సొమ్ము పోగుచేసి ఉంటారు. అది ఏ బడికో, ఆసుపత్రికో వెళుతుంది.

గుంటూరు నుంచి చేబ్రోలు, పొన్నూరు, బాపట్ల మీదుగా సూర్యలంక సముద్రతీరానికి వెళ్లి రావడం మన ప్రాంతంలో ఇలాంటి యాత్రకు చక్కటి దారి. రానుపోను దాదాపు 120 కిలోమీటర్లు, అంతా చదును నేల. నేను మొదటిసారి తొక్కింది ఈ దారిలోనే కాబట్టి దాన్నే ఉదాహరణగా చెబుతాను.

పేరు ఇచ్చే ముందు

నిర్వాహకులను మూడు విషయాలు అడగండి. టీషర్టుకు, టిఫినుకు తీసుకునే ప్రవేశ రుసుము వేరు, విరాళం వేరు అని లెక్క చూపుతారా? విరాళం నేరుగా సంస్థ ఖాతాలో పడుతుందా? వెనక మనుషులను, సైకిళ్లను ఎక్కించుకునే బండి వస్తుందా? ఎవరో ఒకరి సొంత ఖాతాకు పంపమంటే నేనైతే పేరివ్వను. విరాళం ఇచ్చేవారికి రసీదు ముఖ్యం. రూ.2,000 మించి నగదుగా ఇస్తే దానిపై ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. అందుకని పెద్ద మొత్తాలను బ్యాంకు ద్వారానే పంపమనండి.

చందా అడగడం

కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టు పెట్టి ఊరుకుంటే దండం పెట్టే బొమ్మలు నాలుగు వస్తాయి, డబ్బు రాదు. ఒక్కొక్కరికీ విడిగా రాయాలి, అంకె చెప్పి అడగాలి. "తోచినంత ఇవ్వండి" అంటే ఎంతిస్తే బాగుంటుందో తేలక అవతలివారు రేపటికి వాయిదా వేస్తారు. నేను రాసింది ఇలా ఉంది: "పిన్నీ, ఫిబ్రవరిలో గుంటూరు నుంచి సూర్యలంకకు సైకిలు మీద వెళ్లి వస్తున్నాను. పోగయ్యే సొమ్ము డయాలసిస్ చేయించుకునే పిల్లలకు వెళుతుంది. నువ్వు ఐదు వందలు ఇస్తే సంతోషం. రసీదు నేనే పంపిస్తాను." పిన్ని వెయ్యి పంపింది.

బాబాయి మాత్రం ఫోను చేశాడు. "ఒరేయ్, సైకిలు తొక్కితే డబ్బులు ఎందుకివ్వాలిరా? కిలోమీటరుకు పది రూపాయల లెక్కన ఇస్తాను, తొక్కి చూపించు" అన్నాడు. నేను పౌరుషానికి పోయి సరేనన్నాను. మీరు అనకండి.

సైకిలు

ఖరీదైన సైకిలు అక్కర్లేదు. ఈ దారికి గేర్లున్న మామూలు హైబ్రిడ్ సైకిలు, అంటే తారురోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చేది, చాలు. బ్రేకులు, చైను, టైర్లు బాగుండాలి. టైరు పక్కన గాలి ఎంత ఉండాలో పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) లెక్కలో అచ్చువేసి ఉంటుంది, దాన్ని దాటకండి.

సీటు ఎత్తు దగ్గర చాలామంది పొరపాటు పడతారు. కాళ్లు నేలకు పూర్తిగా ఆనేంత కిందికి దించుకుంటే ముప్ఫై కిలోమీటర్లకే మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలవుతుంది. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టండి. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు కాలు నిటారుగా చాపుకుంటే ఎత్తు సరిపోయినట్టే.

ఒక అదనపు ట్యూబు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ బద్దలు రెండు, చేతి పంపు, వీటితోపాటు ఇత్తడి వాల్వు అడాప్టరు కొనుక్కోండి. ఎందుకో చెబుతాను. చేబ్రోలు దగ్గర మాతో వస్తున్న ఒక మాస్టారి వెనక టైరు పంక్చరయింది. ట్యూబు మార్చారు గానీ పంపు ఇంట్లో మరచిపోయారు. ఎదురుగానే పంక్చర్ షాపు, అప్పుడే తెరుస్తున్నారు. తీరా చూస్తే షాపు పంపు మూతి లావు, మాస్టారి ట్యూబుది సన్నటి ప్రెస్టా వాల్వు. ఎంత కొట్టినా గాలి పక్కనుంచి బుస్సుమని పోతోంది. వెనక వస్తున్న ఒకమ్మాయి ఆగి, సంచిలోంచి గోరంత ఇత్తడి ముక్క తీసింది. వాల్వు కొసనున్న చిన్న నట్టును వదులు చేసి, దాని మీద ఆ ముక్కను బిగించింది. రెండు నిమిషాల్లో టైరు గట్టిపడింది.

ఎనిమిది వారాల సాధన

వారంలో రెండు రోజులు గంటసేపు, ఆదివారం ఒక పెద్ద దూరం. మొదటి ఆదివారం 25 కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారానికి ఎనిమిది, పది చొప్పున పెంచండి. విజయవాడవాళ్లు ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి మీదుగా కరకట్ట పట్టుకుని అమరావతి వైపు, గుంటూరువాళ్లు తాడికొండ మీదుగా అదే అమరావతికి వెళ్లవచ్చు. యాత్రకు రెండు వారాల ముందు ఒకసారి 80 కిలోమీటర్లు చేస్తే చాలు, మొత్తం దూరం ముందే తొక్కనవసరం లేదు. చివరి వారం కాళ్లకు విశ్రాంతి.

చదును దారి తేలికని అనుకోవద్దు. కొండదారిలో దిగుడు వస్తే కాళ్లు ఆపి కూర్చోవచ్చు. డెల్టాలో ఆ భాగ్యం లేదు, ఆపితే సైకిలు ఆగుతుంది. గంటల తరబడి ఒకే భంగిమ కాబట్టి ముందు మొరాయించేది కాళ్లు కాదు, కూర్చునే భాగం. మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కరు కొనండి. దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. తొడల మధ్య కాస్త వాజిలీన్ రాయండి. పది నిమిషాలకొకసారి పెడల్ మీద నిలబడి పదిసార్లు తొక్కండి. కొత్త నిక్కరును యాత్ర రోజున మొదటిసారి వేసుకోవడం కొత్త చెప్పులతో తిరుమల కొండ ఎక్కడం లాంటిదే.

తిండి, నీళ్లు

బయలుదేరడానికి గంట ముందు నాలుగు ఇడ్లీలు తినండి. గుంటూరువాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను, ఆ పూటకు కారప్పొడి వద్దు. దారిలో ముప్పావు గంటకొకసారి అరటిపండో, వేరుశనగ అచ్చో, రెండు ఖర్జూరాలో నోట్లో వేసుకోవాలి. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా ద్రవం కావాలి. అందులో ఉప్పు ఉండాలి. చెమటతో ముఖ్యంగా పోయేది సోడియం. కొబ్బరి నీళ్లలో అది తక్కువ, పొటాషియం ఎక్కువ. అందుకని బొండాం ఒక్కటే సరిపోదు. ఓఆర్ఎస్ పొట్లాలు పెట్టుకోండి. అవి లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. ఉప్పేసిన మజ్జిగ కూడా మంచిదే.

రోడ్డు మీద

ఐదింటికి చీకటిగా ఉంటుంది. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం, తలకు హెల్మెట్ తప్పనిసరి. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, మధ్యలో గంటన్నర ఆగినా, మధ్యాహ్నం ఒకటి, ఒకటిన్నరకు ఇల్లు చేరవచ్చు. ఉదయపు చల్లదనం చూసి మొదటి గంటలోనే ఊపిరి ఎగబీల్చేలా తొక్కకండి. పక్కవారితో మాట్లాడగలిగే వేగం సరైన వేగం.

గుంపులో మీ ముందు చక్రం ఇతరుల వెనక చక్రానికి పక్కగా చొచ్చుకుపోకూడదు, ముందున్నవారు కాస్త పక్కకు జరిగితే పడేది మీరే. గుంత కనిపిస్తే అరిచి, చేత్తో చూపించండి. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీదుగా వెళితే చక్రం జారుతుంది, గడ్డి గేర్లలో చుట్టుకుంటుంది. జనవరి తర్వాత మిరప టిక్కీల (బస్తాల) ట్రాక్టర్లు వస్తాయి. వాటి వెనక పడ్డారంటే కళ్లలో నిప్పులు పోసినట్టుంటుంది. రంగు లేని కళ్లద్దాలు పెట్టుకోండి. ట్రాక్టరు ముందుకు పోయేదాకా ఆగిపోవడం ఇంకా మేలు. ప్రమాదం జరిగితే 108కి గానీ 112కి గానీ ఫోను చేయాలి.

తిరిగి వచ్చాక

సముద్రపు ఇసుక, ఉప్పు గాలి చైనును తినేస్తాయి. ఆ సాయంత్రమే తడిగుడ్డతో తుడిచి నూనె వేయండి. వారంలోగా అందరికీ రసీదులు, మొత్తం ఎంత పోగయిందో లెక్క పంపండి.

నా సంగతంటారా? సూర్యలంకలో ఫొటోలకు ముప్పావు గంట పోగొట్టాను. వచ్చేటప్పుడు మంచినీళ్లే తాగుతూ ఎండలో వేగం పెంచాను. పొన్నూరు దాటిన నాలుగు కిలోమీటర్లకు రెండు పిక్కలూ పట్టేశాయి. రోడ్డు పక్కన తుమ్మచెట్టు కింద కూర్చుంటే వెనక బండి వచ్చి ఎక్కించుకుంది. మీటరు మీద అంకె 94. పిన్ని వెయ్యి రూపాయలు ఎప్పుడో సంస్థకు చేరిపోయాయి. బాబాయి మాత్రం మీటరు ఫొటో అడిగి, చూసి, సరిగ్గా రూ.940 పంపాడు.